ప్రతిభకు తోడు కావాలి

ఏకలవ్యుని కథను పిల్లలకు చెప్పేటప్పుడు మనం అతని పట్టుదలను పొగుడుతాం, అతని గురుభక్తికి కన్నీరు పెడతాం. ఆ కథలో మరొక సంగతి ఉంది. ద్రోణుని చుట్టూ రాకుమారులందరూ కలిసి విద్య నేర్చుకుంటున్నారు. ఒకరి బాణం గురి తప్పితే తక్కినవారు చూస్తారు, గురువు దిద్దుతాడు. ఏకలవ్యుని వద్ద ఉన్నది ఒక మట్టిబొమ్మ. అది దిద్దదు, మెచ్చుకోదు, రేపు మరల రమ్మని పిలవదు. అయినా అతడు నేర్చుకున్నాడంటే అది అతని అసాధారణత. అసాధారణులు తరానికి ఒకరో ఇద్దరో పుడతారు. ఒక సమాజం తన పిల్లల చదువును వారిని నమ్ముకొని నడపలేదు.

ఈ మాట నాకు తట్టడానికి కారణం మన గుడి ఆవరణలో ఒక తల్లి అడిగిన ప్రశ్న. ఉగాది పూజ ముగిసి ప్రసాదం పంచుతున్నప్పుడు ఆమె నా పక్కకు వచ్చి, "టీచరమ్మా, అమ్మాయికి మార్కులు బాగానే వచ్చాయి. మెడిసిన్‌లో సీటు రాకపోతే బీఎస్సీ చదువుతానంటోంది. పరిశోధన చేస్తుందట. పరిశోధన కూడా ఒక ఉద్యోగమేనా? మనవాళ్ళలో ఎవరైనా చేశారా?" అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలకూ నిలబడి చెప్పగల సమాధానం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం బోధించిన అనుభవంతో, తీరికగా చదివి తెలుసుకున్న విషయాలతో, ఈ వ్యాసం ద్వారా ఆ తల్లికి సమాధానం చెప్పదలిచాను.

ముందు పరిశోధన అనే వృత్తి స్వరూపం తెలుసుకుందాం. వైద్యుడు తన ముందున్న రోగికి చికిత్స చేస్తాడు. జీవవైద్య పరిశోధకుడు ఆ చికిత్స ఎందుకు పనిచేస్తోంది, ఎవరిలో పనిచేయడం లేదు, దానికంటే మెరుగైనది ఏది అనే ప్రశ్నలకు ప్రయోగశాలలోనో, ఊళ్ళలోనో, లెక్కల పట్టికలలోనో సమాధానం వెతుకుతాడు. ఇది జీతం వచ్చే వృత్తే. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, ప్రభుత్వ సంస్థలు, మందుల కంపెనీలు వీరిని నియమిస్తాయి. అయితే దారి పొడుగైనది. మూడు నాలుగేళ్ళ డిగ్రీ, ఆపై పీహెచ్‌డీ, ఆ తరువాత మరొక ప్రయోగశాలలో కొన్నేళ్ళ శిక్షణ. అప్పటికి గాని స్వతంత్ర పరిశోధకుడు కాలేడు.

దారి పొడుగు కావడం కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ దారిలోని మలుపులు ఏ పాఠ్యపుస్తకంలోనూ రాసి ఉండవు. రెండవ సంవత్సరంలోనే ఒక ఆచార్యుని ప్రయోగశాలలో చేరాలని, వేసవి సెలవులను పరిశోధనకు వినియోగించాలని, పీహెచ్‌డీ ప్రవేశానికి మార్కుల జాబితాతో పాటు ఆచార్యులు రాసే సిఫారసు లేఖలు ముఖ్యమని, సభలో ఇతరుల ఫలితాలను మర్యాదగా ప్రశ్నించడం తప్పు కాదని విద్యార్థికి ఎవరు చెబుతారు? ఆచార్యుల ఇళ్ళలో పుట్టిన పిల్లలు ఈ సంగతులను భోజనాల దగ్గరే వింటారు. నా ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి నాటాల్ చెరకు తోటలకు వచ్చినవాడు. వలస పత్రంలో ఆయన పేరుతో పాటు ఒక సంఖ్య ఉంటుంది. ఆయన వంశంలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా భోజనాల దగ్గర చెరకు ధర గురించి, బస్సు వేళల గురించి మాటలు వినిపించేవి. ప్రేమకు లోటు లేదు, చదువుకోమనే ప్రోత్సాహానికీ లోటు లేదు. దారి తెలిసినవారు మాత్రం లేరు.

ఇటువంటి ఇళ్ళ పిల్లలను పరిశోధకులుగా తీర్చిదిద్దడం ఎలాగనే ప్రశ్నను గత యాభై ఏళ్ళుగా అమెరికాలో కొందరు ఆచార్యులు శ్రద్ధగా పట్టించుకున్నారు. అక్కడ ఆఫ్రికన్ అమెరికన్లు, లాటినోలు, ఆదివాసులు, పేద కుటుంబాలవారు విజ్ఞానశాస్త్రాలలో తక్కువ సంఖ్యలో ఉండటం చిరకాలంగా ఉన్న సమస్య. దాని గురించి మొదట ఆలోచింపజేసేది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1970ల దశకంలో జరిగిన ఒక పరిశీలన.

యూరీ ట్రైస్‌మన్ అనే గణిత బోధకుడు అక్కడ కలన గణితం తరగతిలో ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారని, చైనా సంతతి విద్యార్థులు బాగా రాణిస్తున్నారని గమనించాడు. కారణమేమని తోటి ఆచార్యులను అడిగితే శ్రద్ధ లేదనీ, పునాది లేదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ, పేదరికమనీ నాలుగు సమాధానాలు వచ్చాయి. ఆయన రెండు వర్గాల నుండి ఇరవై మంది చొప్పున విద్యార్థులను ఎన్నుకొని, వారు ఎక్కడ, ఎలా చదువుతున్నారో దగ్గరగా చూశాడు. ఆ నాలుగు సమాధానాలూ నిలవలేదు. ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులు కష్టపడుతూనే ఉన్నారు, అయితే ఒంటరిగా కష్టపడుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు విడివిడిగా చదివిన తరువాత ఒకచోట చేరి, లెక్కలు పోల్చుకొని, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రైస్‌మన్ దీని ఆధారంగా ఒక అభ్యాస కూటమిని ఏర్పరచాడు. అందులో సులువైన పాఠాలు మళ్ళీ చెప్పలేదు. మామూలు తరగతి కంటే కఠినమైన లెక్కలు ఇచ్చి, కలిసి సాధించమన్నాడు. ఆ విద్యార్థుల ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి.

ఈ ఆలోచనను డిగ్రీ చదువంతటికీ విస్తరించిన కార్యక్రమం మేరీలాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ నగరపు అంచున ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. యూఎంబీసీ అని పిలిచే ఆ విశ్వవిద్యాలయం 1966లో తెరుచుకుంది. 1987లో అక్కడికి ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ అనే గణిత పండితుడు వచ్చాడు. అతడు 1950లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆఫ్రికన్ అమెరికన్. 1963లో పన్నెండేళ్ళ వయసులో అక్కడి పిల్లల పౌరహక్కుల ఊరేగింపులో నడిచి అయిదు రోజులు జైలులో ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళకే డాక్టరేటు పొందాడు. యూఎంబీసీలో విజ్ఞానశాస్త్రాలు చదివే ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులు బాగా వెనకబడి ఉండటం చూసి, 1988లో రాబర్ట్ మేయర్‌హాఫ్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో మేయర్‌హాఫ్ స్కాలర్స్ అనే కార్యక్రమం ఆరంభించాడు. 1989లో చేరిన మొదటి జట్టులో 19 మంది యువకులు ఉన్నారు. మరుసటి సంవత్సరం నుండి యువతులనూ చేర్చుకున్నారు. హ్రబోవ్‌స్కీ 1992 నుండి 2022 వరకు ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. కార్యక్రమం ముప్పై ఏళ్ళకు పైగా నిలదొక్కుకోవడంలో ఈ నిలకడ పాత్ర తక్కువేమీ కాదు.

అక్కడ జరిగేదేమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం ఆ వివరాలలోనే ఉంది. కళాశాల తరగతులు మొదలు కావడానికి ముందే కొత్త విద్యార్థులు ఆరు వారాల వేసవి శిబిరానికి రావాలి. కలిసి నివసించి, కలిసి గణితం, విజ్ఞానశాస్త్రం చదివి, కాలాన్ని ఎలా పంచుకోవాలో నేర్చుకుంటారు. తరగతులు ఆరంభమయ్యే నాటికి ఆ పెద్ద ప్రాంగణంలో తమ పేరు తెలిసినవారు కొన్ని పదుల మంది ఉంటారు. తరువాత నాలుగేళ్ళూ జట్లుగా చదువుతారు. ఉపకారవేతనం లభిస్తుంది, కాని బి సగటు నిలుపుకోవాలి. ముఖ్యమైన మొదటి పాఠ్యాంశంలో సి వస్తే, అది ఉత్తీర్ణతే అయినా, మళ్ళీ చదవమని సలహా ఇస్తారు. పునాదిలో ఒక ఇటుక వదులుగా ఉంటే పైకప్పు నిలవదని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. విద్యార్థికి ఆ మాట చెప్పి, ఆ మరుసటి అర్ధ సంవత్సరంలో అతని పక్కన నిలబడే విశ్వవిద్యాలయాలు అరుదు.

మరొక ముఖ్యాంశం ప్రయోగశాల. పరిశోధకులను తయారు చేయగలిగినది పరిశోధకులేనని అక్కడివారి నమ్మకం. హెచ్‌ఐవీ నిర్మాణాన్ని అధ్యయనం చేసే మైకేల్ సమ్మర్స్ వంటి పేరుపొందిన శాస్త్రవేత్తలు డిగ్రీ విద్యార్థులను తమ ప్రయోగశాలల్లోకి తీసుకున్నారు. విద్యార్థి అక్కడ గాజుపాత్రలు కడగడంతో ఆగడు. తన ప్రశ్న, తన ప్రయోగం, తన విఫలత, తన నోటుపుస్తకం అతనికి ఉంటాయి. ప్రయోగాలు చాలాసార్లు విఫలమవుతాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్ద శాస్త్రవేత్త ప్రయోగం కూడా ఈ వారం విఫలమైందని కళ్ళారా చూసిన విద్యార్థి, తన విఫలతను తన కులగోత్రాల మీదో, ఒంటి రంగు మీదో వేసుకోడు. పని స్వభావమే అది అని తెలుసుకుంటాడు.

కుటుంబాన్ని కూడా వారు వదలలేదు. ఎంపిక సమయంలోనే తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతారు, వారిని కార్యక్రమంలో భాగస్వాములుగా ఉంచుతారు. మన ఇళ్ళకు ఇది చాలా అవసరం. బిడ్డ ఆరేళ్ళు ప్రయోగశాలలో ఉంటే, ఇంకా చదువు అవలేదా అని పెద్దలు అడుగుతూనే ఉంటారు. ఆ ఆరేళ్ళు చదువే కాదు, పని కూడా అని, అమెరికాలో పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా భృతి కూడా ఉంటుందని ఎవరో ఒకరు వారికి చెప్పాలి.

ఇదంతా చేయడం వల్ల నిజంగా మేలు కలిగిందా? మంచి విద్యార్థులను ఏరి తెచ్చుకుంటే ఎవరైనా ఫలితాలు చూపగలరని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అందుకని వారు తమ విద్యార్థులను ఎవరితో పోల్చారో చూడండి: ఈ కార్యక్రమంలో సీటు వచ్చినా కాదని మరొక విశ్వవిద్యాలయానికి వెళ్ళిన విద్యార్థులతో పోల్చారు. ఇద్దరి మార్కులూ, తెలివితేటలూ దాదాపు సమానం. అయినా మేయర్‌హాఫ్ విద్యార్థులు విజ్ఞానశాస్త్రాలలో పీహెచ్‌డీ వైపు వెళ్ళే అవకాశం సుమారు అయిదు రెట్లు ఎక్కువని తేలింది. ఏరి తెచ్చుకున్న ప్రతిభ రెండు వైపులా ఉంది. తేడా తెచ్చినది తోడు.

ఆ విద్యార్థులలో ఒకరి పేరు మనందరి భుజాల మీద గుర్తుగా ఉందని చెప్పవచ్చు. కిజ్‌మీకియా కార్బెట్ ఉత్తర కరోలినాలో పెరిగిన ఆఫ్రికన్ అమెరికన్ యువతి. మేయర్‌హాఫ్ విద్యార్థిగా ఉంటూ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో, అంటే ఎన్‌ఐహెచ్‌లో, పరిశోధన శిక్షణ పొంది 2008లో డిగ్రీ పూర్తి చేసింది. 2014లో పీహెచ్‌డీ పొంది ఎన్‌ఐహెచ్ టీకా పరిశోధన కేంద్రంలో చేరింది. అక్కడ బార్నీ గ్రేయమ్ బృందంలో కొన్నేళ్ళు కరోనా వైరసుల స్పైక్ ప్రోటీన్ మీద పనిచేసింది. ఆ రోజులలో ఆ విషయం పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం వెలువడినప్పుడు ఆ పాత పని చేతికి అందివచ్చింది. మోడెర్నా సంస్థతో కలిసి ఆ బృందం రూపొందించిన టీకాను మార్చి 16న మొదటి స్వచ్ఛంద వ్యక్తికి ఇచ్చారు. ఆ వేగం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది. దాని వెనుక, పదిహేనేళ్ళకు పూర్వం ఒక డిగ్రీ విద్యార్థినికి ప్రయోగశాల తలుపు తెరిచినవారు ఉన్నారు.

ఇక్కడ ఒక క్లిష్టమైన ప్రశ్న వస్తుంది. జాతిని బట్టి కొందరికే ఇటువంటి అవకాశం ఇవ్వడం సమంజసమా? దక్షిణాఫ్రికాలో పెరిగిన నాకు ఈ ప్రశ్న పుస్తకాలలోది కాదు. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఒక గడిలో రాసింది. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుంటుందో ఆ గడి నిర్ణయించేది. కనుక మళ్ళీ గడులు చూస్తే నా మనసు కొంత జంకుతుంది. మేయర్‌హాఫ్ చరిత్ర ఈ విషయంలో ఆలోచించదగినది. మేరీలాండ్‌లోనే మరొక ప్రాంగణంలో ఆఫ్రికన్ అమెరికన్లకు ప్రత్యేకించిన ఉపకారవేతనం చెల్లదని 1994లో ఫెడరల్ అప్పీళ్ళ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ తరువాత 1996 నుండి మేయర్‌హాఫ్ కార్యక్రమాన్ని అన్ని జాతుల విద్యార్థులకూ తెరిచారు. విజ్ఞానశాస్త్రాలలో అందరికీ చోటు ఉండాలనే లక్ష్యం పట్ల నిబద్ధత ఉన్న ఎవరైనా రావచ్చు. తలుపు వెడల్పు అయినా లక్ష్యం చెదరలేదు, ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థుల విజయాలూ ఆగలేదు. నాకు దీని నుండి అర్థమయ్యేది ఇది: గడిని తీసివేయవచ్చు, కాని గడి వల్ల వెనుకబడినవారిని వెతికి పిలిచే పనిని తీసివేయకూడదు. తలుపు తెరిచి ఉంచి మౌనంగా కూర్చుంటే, ఆ తలుపు ఉన్నదని తెలిసినవారే లోపలికి వస్తారు.

ఇది ఒక వ్యక్తి చలువ వల్లనే సాగిందా, మరొకచోట నాటితే బతుకుతుందా అని మరొక సందేహం. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం 2013లో ఇదే నమూనాతో తమ కార్యక్రమాలు మొదలుపెట్టాయి. వేసవి శిబిరం, జట్టు చదువు, ముందుగానే ప్రయోగశాల, దగ్గరగా సలహా, అన్నీ కలిపి తీసుకున్నాయి. అక్కడ కూడా మంచి ఫలితాలు కనబడినట్లు 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఈ అంశాలలో ఒకదాన్ని మాత్రమే తీసుకొని, ఒక ఉపకారవేతనం ఇచ్చి, మిగతాది విద్యార్థి చూసుకుంటాడులే అనుకుంటే ఈ ఫలితం రాదు. పులిహోరలో చింతపండు ఒక్కటే వేసి పోపు మానేస్తే అది పులిహోర కానట్లే.

ఈ పనికి ప్రభుత్వ ధనం కూడా చాలా తోడ్పడింది. ఎన్‌ఐహెచ్ 1970ల దశకం నుండి మార్క్ అనే పేరుతో డిగ్రీ విద్యార్థులకు భృతి, ప్రయోగశాల శిక్షణ కల్పించే గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. 2014లో బిల్డ్ అనే మరొక పెద్ద కార్యక్రమాన్ని పది ప్రాంగణాలు కేంద్రాలుగా ఆరంభించింది. 2025లో మార్క్‌తో సహా ఈ కోవకు చెందిన పలు శిక్షణ కార్యక్రమాలను ఆ సంస్థ నిలిపివేసింది. రాజకీయాల తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒక ఉపాధ్యాయురాలిగా ఒక్కటి చెప్పగలను. చెరకు తోటను ఒక సంవత్సరం నిర్లక్ష్యం చేస్తే ఆ సంవత్సరం పంటతో నష్టం ఆగుతుంది. శిక్షణ గొలుసులో ఒక కడియం తెగితే ఆ నష్టం పదిహేనేళ్ళ తరువాత, ఒక టీకా అవసరమైన రోజున గాని కనబడదు.

ఎవరు పరిశోధిస్తే ఏమి, సత్యం ఒక్కటే కదా అని అడిగేవారున్నారు. సత్యం ఒక్కటే. ప్రశ్నలు మాత్రం అడిగేవారిని బట్టి ఉంటాయి. చదువు, అనుభవం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, నల్లజాతి పరిశోధకుల దరఖాస్తులకు ఎన్‌ఐహెచ్ గ్రాంటు లభించే అవకాశం శ్వేతజాతివారి కంటే 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో ఒక అధ్యయనం చూపింది. 2019లో మరొక అధ్యయనం ఆ తేడాలో కొంత భాగానికి కారణం చెప్పింది: నల్లజాతి పరిశోధకులు సమాజ ఆరోగ్యం, జనసముదాయాల మధ్య ఆరోగ్య అసమానతలు వంటి అంశాలను ఎక్కువగా ఎన్నుకుంటున్నారు, ఆ అంశాలకే గ్రాంట్లు తక్కువగా లభిస్తున్నాయి. అంటే తమ ఇంట్లో, తమ వీధిలో చూసిన బాధనే వారు ప్రశ్నగా తెచ్చారు.

మన వీధిలోని బాధ ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. గుడి ప్రసాదం తీసుకునేటప్పుడు తీపి పక్కన పెట్టే చేతులు ఎన్నో లెక్కపెట్టండి. నాటాల్‌లోని భారత సంతతివారిలో మధుమేహం ఎక్కువని డర్బన్ వైద్యుడు జి. డి. క్యాంప్‌బెల్ వంటివారు 1950, 60 దశకాలలోనే గుర్తించారు. చక్కెర పండించడానికి ఓడ దిగిన వారి సంతానం చక్కెర వ్యాధితో బాధపడటం చరిత్ర చూపిన విచిత్రం. ఈ వ్యాధి మనలో ఎందుకు ఎక్కువ, ఎందుకు తక్కువ వయసులోనే వస్తోంది, మన వంటలో దేన్ని ఎంత మార్చాలి అనే ప్రశ్నలకు ఆసక్తితో తల వంచి పనిచేసేవారు మన ఇళ్ళ నుండి కూడా రావాలి.

మనవాళ్ళలో ఎవరైనా చేశారా అని ఆ తల్లి అడిగింది. మన చరిత్రలో మూసిన తలుపుల కథ పెద్దది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరిన నాటి నుండి లెక్కిస్తే, ఇక్కడి నల్లజాతి, భారత సంతతి విద్యార్థులకు డర్బన్‌లో వైద్య కళాశాల తెరుచుకోవడానికి 1951 వరకు పట్టింది. 1961లో భారత సంతతివారికి వేరుగా విశ్వవిద్యాలయ కళాశాల పెట్టినప్పుడు, అది రేవులోని సాలిస్‌బరీ ద్వీపంలో నౌకాదళం విడిచిన పాత కట్టడాలలో నడిచింది. తరువాత అదే డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమైంది. చెరకు పట్టణమైన టోంగాట్‌లో పుట్టిన ఖురైషా అబ్దుల్ కరీం చదివినది అక్కడే. ఆమె, ఆమె భర్త సలీం అబ్దుల్ కరీం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో శిక్షణ పొంది తిరిగి వచ్చి, డర్బన్‌లో కాప్రిసా అనే పరిశోధన కేంద్రాన్ని నిలిపారు. స్త్రీలు తామే వాడుకోగల టెనోఫోవిర్ జెల్ హెచ్‌ఐవీ సోకే ప్రమాదాన్ని 39 శాతం తగ్గించిందని 2010లో వారు చూపారు. తమకు దొరికిన శిక్షణను వారు తమతో ఆపలేదు. కొలంబియాతో కలిసి నడిపిన శిక్షణ కార్యక్రమంలో దక్షిణ ఆఫ్రికా ప్రాంతానికి చెందిన 600 మందికి పైగా పరిశోధకులు తయారయ్యారు. కనుక, అమ్మా, చేశారు. మన పక్క ఊరివారే చేశారు.

మన దేశంలో డిగ్రీ స్థాయిలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో నాటాల్ విశ్వవిద్యాలయం 1991లో సైన్స్ ఫౌండేషన్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. వసతులు లేని పాఠశాలల నుండి వచ్చిన ప్రతిభావంతులైన నల్లజాతి విద్యార్థులకు డిగ్రీకి ముందు ఒక సంవత్సరం గణితం, భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో పాటు భాషలో, అధ్యయన పద్ధతులలో తర్ఫీదు ఇచ్చి, సలహాదారులను కూడా ఏర్పాటు చేశారు. పేర్లు వేరు, దేశాలు వేరు, సూత్రం ఒక్కటే.

ఆ సూత్రం నాకు మరొక చోట స్వయంగా అనుభవమైంది. నేను తెలుగు నేర్చుకున్నది నలభై దాటిన తరువాత, సాయంకాలపు తరగతిలో. మా ఇంట్లో పెద్దబాలశిక్ష ప్రతి ఒకటి ఉండేది. పుస్తకం ఒక్కటే తోడుగా ఉన్నంతకాలం అక్షరాలు వచ్చాయి, వాక్యం రాలేదు. తరగతిలో పదకొండు మందిమి చేరిన తరువాత, ఒకరి ఉచ్చారణకు ఒకరు నవ్వుకుంటూ, ఒకరి వాక్యం ఒకరు పూరిస్తూ, మూడేళ్ళకు ఉత్తరం రాయగలిగాం. మా గురువు మాకోసం పాఠం తేలిక చేయలేదు. వచ్చే వారం మీరే కథ చెప్పాలి అనేవారు. రాగలరనే నమ్మకం ఆయన కళ్ళలో ముందు కనబడేది, మా నోట మాట తరువాత వచ్చేది. నలుగురితో నారాయణా అని పెద్దలన్న మాటను కొందరు గుంపులో గోవిందా అన్నంత తేలికగా తీసుకుంటారు. చదువు విషయంలో అది గంభీరమైన సలహా.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. బిడ్డను విజ్ఞానశాస్త్ర డిగ్రీకి పంపేటప్పుడు విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూడకండి. కొన్ని ప్రశ్నలు అడగండి. మొదటి రెండేళ్ళలో ప్రయోగశాలలో పనిచేసే అవకాశం ఉందా? వేసవిలో భృతితో పరిశోధన చేయవచ్చా? విద్యార్థులు కలిసి చదివే ఏర్పాటు ఉందా? వెనుకబడిన విద్యార్థిని ఏ వారంలో, ఎవరు గుర్తిస్తారు? ఇక్కడి డిగ్రీ విద్యార్థులలో ఎంతమంది పీహెచ్‌డీకి వెళ్ళారు? వీటికి తడుముకోకుండా సమాధానం చెప్పే చోట మీ బిడ్డ ఒంటరి కాదు. సమాధానం లేని చోటికి పంపక తప్పకపోతే, చేరిన మొదటి వారంలోనే నలుగురు తోటి విద్యార్థులను వెతుక్కోమని చెప్పి పంపండి.

గుడి పెద్దలకు కూడా ఒక మనవి. శనివారం సాయంకాలం తెలుగు తరగతి ముగిసిన తరువాత మన హాలు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక నల్లబల్ల, పది కుర్చీలు చాలు. పదవ తరగతి నుండి పైవారు గణితం, విజ్ఞానశాస్త్రం కలిసి చదువుకోవచ్చు. మన పిల్లలతో పాటు పక్క వీధిలోని జూలూ పిల్లలనూ పిలుద్దాం. తలుపు వెడల్పు చేసినంత మాత్రాన లక్ష్యం చెదరదని మేయర్‌హాఫ్ నేర్పింది కదా. విశ్వవిద్యాలయాలలో పనిచేస్తున్న మన సభ్యులు నెలకొకరు వచ్చి, తమ పని ఏమిటో, తమ ప్రయోగం ఎన్నిసార్లు విఫలమైందో చెబితే చాలు. సెలవులలో ఒక విద్యార్థిని తమ ప్రయోగశాలకు తీసుకువెళ్ళి చూపితే మరీ మంచిది.

జీవశాస్త్రం చెప్పడానికి నేను సిద్ధం. గణితం చెప్పేవారు ఒకరు కావాలి. ఉగాది నాడు ప్రశ్న అడిగిన ఆ తల్లి, తన కుమార్తెను వెంటబెట్టుకొని మొదటి శనివారమే రావాలని కోరుతున్నాను.